ఎదుగుచున్న కన్ను - చేతిలోని తెర

శిశువు పుట్టినపుడు కనుగుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్ల పొడవు ఉండును. పెద్దవారిలో అది సుమారు 24 మిల్లీమీటర్లు. అనగా కాళ్లు చేతులవలెనే కన్ను కూడ బాల్యమంతయు పెరుగుచుండును. ఈ పెరుగుదల చాల లెక్కగా జరుగవలెను. కంటి ముందుభాగమున గల పారదర్శకమైన పొర, దాని వెనుకనున్న కటకము కలిసి కాంతికిరణములను ఎచ్చట కేంద్రీకరించునో, నేత్రపటలము సరిగా అచ్చటనే ఉండవలెను.

కన్ను అవసరమునకు మించి పొడవుగా పెరిగినచో దూరపు వస్తువుల ప్రతిబింబము నేత్రపటలమునకు ముందే ఏర్పడును. అపుడు పుస్తకములోని అక్షరములు స్పష్టముగా కనిపించును గాని, నల్లబల్లపై వ్రాత మసకబారును. ఇదియే హ్రస్వదృష్టి. కన్ను 1 మిల్లీమీటరు అదనముగా సాగినచో సుమారు రెండున్నర డయాప్టర్ల దోషము కలుగును. పుటాకార కటకములు గల కళ్లజోడు ప్రతిబింబమును నేత్రపటలముపైకి జరుపును. సాగిన కంటిని మాత్రము పొట్టిగా చేయజాలదు. దోషము 6 డయాప్టర్లు మించినవారిలో నేత్రపటలము సాగి పలుచబడి, పెద్దవయస్సున అది ఊడివచ్చు ప్రమాదము హెచ్చుగా ఉండును. చిన్నవయస్సున ప్రారంభమైన దోషము పెరుగుటకు ఎక్కువ కాలము దొరకును. కావున దాని రాకను కొన్ని సంవత్సరములు వాయిదా వేయగలుగుట కూడ మేలే.

సెల్‌ఫోను పిల్లల కండ్లకు చెరుపు చేయునని ప్రతి ఇంట వినిపించుచున్న మాట. ఇందులో నిజమెంత? తెర నుండి వచ్చు ఏదో విషకిరణము కంటిని పాడుచేయుచున్నదనుటకు ఆధారము లేదు. తెర వలన పిల్లలు పోగొట్టుకొనుచున్నవి ఏవి యని విచారించినచో అసలు కారణము తెలియును. అవి మూడు: దూరము, పగటి వెలుతురు, రాత్రి చీకటి.

దూరము

దగ్గరి వస్తువును చూచుటకు కంటిలోని కండరము ముడుచుకొని కటకమును లావు చేయవలెను. ఈ శ్రమను కొలుచుట సులభము. మీటర్లలో చెప్పిన దూరముతో 1ని భాగించిన చాలును. 3 మీటర్ల దూరమున నున్న టెలివిజనును చూచుటకు డయాప్టరులో మూడవవంతు, 40 సెంటీమీటర్ల దూరమున నున్న పుస్తకమునకు రెండున్నర, 20 సెంటీమీటర్ల దూరమున పట్టుకొనిన సెల్‌ఫోనునకు 5 డయాప్టర్లు. తెర చిన్నదైన కొలది ముఖము దానికి దగ్గరగును. పైగా తెరను తదేకముగా చూచునపుడు రెప్పపాటులు తగ్గి, కంటిపైని తేమ ఆరి మంట పుట్టును. విశ్రాంతితో ఈ మంట తగ్గును గాని, కన్ను సాగుట తగ్గదు.

ఢిల్లీ పాఠశాలలలో సుమారు 9,900 మంది పిల్లలను పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితముల ప్రకారము నూటికి 13 మందికి హ్రస్వదృష్టి కలదు. రోజుకు 5 గంటలకు మించి చదువువారిలోను, 2 గంటలకు మించి టెలివిజను చూచువారిలోను, ఫోను, కంప్యూటరు ఆటలు ఆడువారిలోను అది ఎక్కువగా కనిపించినది. రోజుకు 2 గంటలకు పైగా ఆరుబయట ఆడువారిలో తక్కువ. ఇందు పుస్తకము కూడ తెర ప్రక్కనే నిలిచినదని గమనింపవలెను.

పగటి వెలుతురు

వెలుతురును లక్స్‌లలో కొలుతురు. తరగతిగదిలో సాధారణముగా కొన్ని వందల లక్స్‌లు మాత్రమే ఉండును. చెట్టునీడలో కొన్ని వేలు, మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్షవరకు ఉండును. గదిలో ఉన్నవారికి తేడా అంతగా తెలియదు. కంటిపాప పెద్దదై సర్దుకొనును. నేత్రపటలము మాత్రము ఈ తేడాను గుర్తించును. మంచి వెలుతురులో అచ్చట డోపమైను అను పదార్థము ఎక్కువగా విడుదలయై, కన్ను అతిగా సాగకుండ అదుపు చేయునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. కోడిపిల్లలపై చేసిన ప్రయోగములు ఈ భావనను బలపరచినవి.

మనుష్యులలో దీనిని పరీక్షించినది చైనాలోని గ్వాంగ్‌జౌ నగరము. అచ్చట 12 పాఠశాలలను తీసికొని, ఆరింటిలో ఒకటవ తరగతి పిల్లలను రోజుకు 40 నిమిషములు అదనముగా ఆరుబయటికి పంపిరి. మూడేండ్ల తరువాత బయటికి పంపని పాఠశాలలలో నూటికి సుమారు 40 మందికి హ్రస్వదృష్టి కొత్తగా వచ్చినది; పంపినవానిలో 30 మందికి. ఈ ఫలితములు 2015లో వెలువడినవి. మందు లేదు, యంత్రము లేదు. మార్చినది కాలపట్టిక మాత్రమే. తైవానులో జరిగి 2018లో వెలువడిన మరియొక పరిశోధన చెట్లనీడ వెలుతురు కూడ ఉపకరించునని తెల్పినది. వేసవి ఎండలు మెండుగా గల తెలుగునాట ఇది ఊరట కలిగించు సంగతి; వేపచెట్టు నీడ చాలును. సూర్యుని వైపు నేరుగా చూచుట మాత్రము ఎన్నడును తగదు.

రాత్రి చీకటి

చూపుతో పాటు కాలమును తెలిసికొను పని కూడ కంటిదే. నేత్రపటలములోని కొన్ని కణములు నీలికాంతిని గ్రహించి ఇది పగలని మెదడునకు తెల్పును. చీకటి పడినపుడు మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిను అను హార్మోనును విడుదల చేసి దేహమును నిద్రకు సిద్ధము చేయును. పడుకొనుటకు ముందు వెలుగు తెరను చూచినచో ఈ విడుదల తగ్గును. 12 మంది పెద్దలపై జరిపిన ఒక ప్రయోగములో, వెలుగు తెరపై చదివిననాడు అచ్చుపుస్తకము చదివిననాటికంటె సుమారు 10 నిమిషములు ఆలస్యముగా నిద్రపట్టినది. మరునాటి ఉదయము చురుకుదనము తగ్గినది. పిల్లల కటకము పెద్దలదానికంటె స్వచ్ఛమైనది. దానిగుండ నీలికాంతి మరింతగా లోనికి పోవును. అదియుగాక పుస్తకమునకు అధ్యాయము చివర ఆగుచోటు కలదు. ఒకదాని వెంట ఒకటి తమంతట వచ్చు వీడియోలకు లేదు.

అలవాటు కుదురు విధము

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక హద్దు సూచించినది. ఏడాది నిండని శిశువులకు తెర అసలు తగదు. ఏడాది వయస్సులోను మంచిది కాదు. 2 నుండి 4 ఏండ్ల వారికి రోజుకు 1 గంట మించరాదు. భారత ప్రభుత్వము 2020లో ప్రకటించిన 'ప్రజ్ఞత' మార్గదర్శకములు, 1 నుండి 8 తరగతులకు ఆన్‌లైను పాఠములు 30-45 నిమిషముల చొప్పున రోజుకు రెండింటికి మించరాదని చెప్పినవి.

అయితే వద్దనుట ఒక్కటే అలవాటు కానేరదు. ఫోను లాగికొనినచో ఆ కాలమున పిల్లవాడు ఏమి చేయవలెను? ఖాళీని ఆట, నడక, మొక్కలకు నీరు పోయుట వంటి పనులతో నింపినపుడే హద్దు నిలుచును. తెరను మోచేతి పొడవుకంటె దగ్గరగా పట్టరాదు. 20 నిమిషముల కొకసారి కిటికీ నుండి దూరపు చెట్టును చూడవలెను. పడుకొనుటకు గంట ముందు ఇంటిలోని ఫోనులన్నియు, పెద్దలవి కూడ, పడకగది వెలుపల ఒకేచోట ఉండవలెను. తాను భోజనము వద్ద ఫోను చూచుచు బిడ్డను వద్దనిన తండ్రి మాట ఫలింపదు.

పాఠశాల చేయదగినది

పరీక్షలు దగ్గరపడిన కొలది డ్రిల్లు పీరియడును గణితమునకో సైన్సునకో ఇచ్చివేయుట చాలచోట్ల ఆచారమైనది. గ్వాంగ్‌జౌ ఫలితములను చూచినచో, ఆ పీరియడు కొందరు పిల్లల చూపు విలువ చేయునని తెలియును. కండ్లు చిట్లించి చూచువారిని, బల్లపై వ్రాతను ప్రక్కవాని నోటుపుస్తకమునుండి ఎక్కించుకొనువారిని ఉపాధ్యాయుడు మందమతులని తలపక, కంటి పరీక్షకు పంపవలెను. దోషమున్నవారు కళ్లజోడు తప్పక ధరింపవలెను. ధరించినచో చూపు తగ్గునను భయము నిరాధారము.

విద్యార్థులు ఈ విషయమును స్వయముగా పరీక్షింపవచ్చును. పెక్కు సెల్‌ఫోనులలో వెలుతురును కొలుచు సాధనము కలదు. ఉపాధ్యాయుని ఫోనుతో తరగతిగది మూలలో, కిటికీ వద్ద, వరండాలో, చెట్టుక్రింద లక్స్‌లు కొలిచి పట్టిక వేయవలెను. ఇంటివద్ద ఒక స్కేలుతో తమ కంటికి, తెరకు మధ్య దూరమును కొలిచి, డయాప్టర్లలోనికి మార్చవలెను. ఆ అంకెలను స్వయముగా చూచిన విద్యార్థికి, ఇంటర్వెలు గంట కొట్టినపుడు గదిలో కూర్చుండక బయటికి పోవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.