కిరణాల వెనక వచ్చే సైనికులు

పిల్లలూ! కాలిలో ముల్లు విరిగితే మర్నాటికి ఆ చోటు ఎర్రబడి వాస్తుంది గదా? ఆ వాపు ముల్లుది కాదు. మన రక్తంలోని తెల్లకణాలు అక్కడ గుమిగూడి పనిచేస్తున్నాయన్న మాట. ఇలాటి వాపే మెదడులో వస్తే?

మెదడులో కంతి లేచినప్పుడు పుర్రె తెరిచి కోసి తీయటం ఒక పద్ధతి. కాని కొన్ని కంతులు కత్తికి అందనంత లోతున ఉంటాయి. 1951లో స్వీడను దేశపు వైద్యుడు లార్స్ లెక్సెల్ ఒక ఉపాయం చెప్పాడు. అనేక వైపులనుంచి సన్నని కిరణాలు పంపి, అన్నీ కంతిమీదనే కలిసేట్టు చేయాలి. ఒక్కొక్క కిరణం బలహీనమైనది. దారిలోని మెదడుకు అంతగా హాని చేయదు. కలిసిన చోటనే దాని బలమంతా. భూతద్దంతో ఎండను ఒకచోటికి తెచ్చి కాగితం కాల్చిన అల్లరివాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు! 1960ల చివర స్టాక్‌హోంలో వెలసిన మొదటి యంత్రంలో 179 కోబాల్టు బిళ్లలు కిరణాలు వెదజల్లేవి. దాని పేరు గామా నైఫ్. కత్తే లేనిదానికి కత్తి అని పేరు!

కిరణం తగిలిన కణం అప్పటికప్పుడు మాడిపోదు. దానిలోని డి.ఎన్.ఎ. పోగులు తెగుతాయి. చాలా కణాలు రెండుగా చీలబోయి, చీలలేక చస్తాయి. అందుకే కంతి కుంగటానికి వారాలూ నెలలూ పడుతుంది.

చచ్చిన కణాల శిథిలాలను ఎత్తిపోసేదెవరు? మెదడులోనే కాపురముండే కాపలాకణాలున్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో ఒర్తెగా వీటిని గుర్తుపట్టాడు. ఇవి సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల ఎప్పుడూ తడుముతూ ఉంటాయి. శిథిలాలు తగలగానే కొమ్మలు ముడుచుకుని, ఉబ్బి, వాటిని మింగటం మొదలుపెడతాయి. వేరే కణాలు కొన్ని ఆ ముక్కలను మెడలోని లింఫు గ్రంథులకు మోసుకుపోయి, టి-కణాలనే సైనికులకు శత్రువు ఆనవాళ్లు చూపిస్తాయి.

ఇక్కడే వైద్యుడికి చిక్కు వస్తుంది. కొన్ని నెలల తరువాత ఎం.ఆర్.ఐ. తీస్తే మచ్చ ఒక్కోసారి పెద్దదిగా కనిపిస్తుంది. కంతి మళ్లీ పెరిగిందా? లేక కిరణాల దెబ్బకు వచ్చిన వాపూ, గుమిగూడిన సైనికులూనా? బొమ్మలో రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. తొందరపడితే అనవసరంగా పుర్రె తెరవాలి. ఆలస్యం చేస్తే కంతి ముదురుతుంది. వాపు తగ్గటానికి స్టెరాయిడ్ మందులున్నాయి గాని, అవి సైనికులను కూడా జోకొడతాయి. అయినా వాపు మెదడును నొక్కుతూ ఉంటే ఇవ్వక తప్పదు.

కంతి కూడా మాయలమారిదే. టి-కణాలకు బండికున్నట్టే బ్రేకు ఉంటుంది. కంతి దాన్ని నొక్కిపడుతుంది. ఆ బ్రేకును వదిలించే మందులు ఇప్పుడున్నాయి. 2015 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన మెదడులో నాలుగు చిన్న కాన్సరు మచ్చలున్నాయని వెల్లడించాడు. అప్పుడాయనకు 90 ఏళ్లు. మచ్చలమీదికి కిరణాలు పంపారు. పెంబ్రోలిజుమాబ్ అనే బ్రేకు మందూ ఇచ్చారు. ఆ డిసెంబరులో తీసిన బొమ్మలో మచ్చల జాడ లేదు. ఇందులో కిరణాల వంతు ఎంత, సైనికుల వంతు ఎంత అన్నది ఒక్క మనిషిని చూసి తేల్చలేము. ఆయన మాత్రం నూరేళ్లూ నిండిన తరువాత, 2024 డిసెంబరులో కన్నుమూశాడు.