ఐదు రోజుల వారం.. సర్కారు ఆఫీసుల్లో పని గంటలు నిజంగా తగ్గుతాయా?

ప్రభుత్వ ఉద్యోగులకు వారానికి ఐదు రోజులే పని అన్న వార్త కనిపిస్తే చాలు, ‘ఆరు రోజులున్నా ఫైలు కదలదు, ఇక ఐదు రోజులా?’ అని కామెంట్లు మొదలవుతాయి. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినవారికి ఆ కోపం రావడం సహజమే. కానీ రోజులు పక్కనపెట్టి గంటలు లెక్కేస్తే సంగతి వేరేగా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌నే తీసుకోండి. 2016లో సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి మారింది. చాలామంది ఉద్యోగుల కుటుంబాలు, పిల్లల చదువులు హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. దాంతో సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల సిబ్బందికి ఐదు రోజుల వారం ఇచ్చారు. ఏడాదికే అన్న ఆ వెసులుబాటును తర్వాత ఏటా పొడిగిస్తూ వచ్చారు. అందుకు వేళలను ఉదయం 10 నుంచి సాయంత్రం 5.30గా పెట్టారు. జిల్లా, మండల ఆఫీసుల్లో పాత పద్ధతే: 10.30 నుంచి 5 వరకు, రెండో శనివారం సెలవు.

భోజనానికి అరగంట తీసేసి చూద్దాం. సచివాలయంలో రోజుకు 7 గంటలు, వారానికి 35. మండల ఆఫీసులో రోజుకు 6 గంటలు, వారానికి 36. రెండో శనివారం ఉన్న వారంలో 30. నాలుగు వారాలకు కలిపితే సచివాలయంలో 140, మండలంలో 138. శనివారం ఇంట్లో ఉన్నవారికే కాగితం మీద రెండు గంటలు ఎక్కువ! (పండగ సెలవులు ఇందులో కలపలేదు.)

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో 1985 నుంచే ఐదు రోజుల వారం ఉంది. సాధారణ వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30. అరగంట విరామం పోగా వారానికి 40 గంటలు, నాలుగు వారాలకు 160. అంటే ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్న కేంద్ర, రాష్ట్ర ఆఫీసుల మధ్య నెలకు 20 గంటలకు పైగా తేడా. అసలు చర్చ జరగాల్సింది దీని మీద. శనివారం గొడవలో ఇది మరుగున పడుతోంది.

మహారాష్ట్ర ఏం చేసింది?

అక్కడ 2020 ఫిబ్రవరి 29 నుంచి ఐదు రోజుల వారం అమలైంది. అంతకుముందు రెండో, నాలుగో శనివారాలు సెలవు, రోజుకు పని ఏడుంబావు గంటలు. మిగతా శనివారాలూ సెలవిచ్చి, ఆఫీసు వేళలను ఉదయం 9.45 నుంచి సాయంత్రం 6.15కు మార్చి, రోజుకు 8 గంటలు చేశారు. ఏడాదికి పని గంటలు 2,088 నుంచి 2,112కు పెరుగుతాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. పోలీసులు, ఆసుపత్రులు, విద్యాసంస్థలను దీని నుంచి మినహాయించారు.

మరి మన పని ఎప్పుడవుతుంది?

గంటల లెక్క సరిపోయినా జనం ఇబ్బంది తీరదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగం చేసేవారికి ఆదాయ ధ్రువపత్రానికో, పేరులో తప్పు దిద్దించుకోవడానికో దొరికేది శనివారమే. అది మూసేసి సాయంత్రం అరగంట పెంచితే, ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి తలుపులు వేసేసి ఉంటాయి. రోజుకూలీకైతే ఒక పూట సెలవంటే ఒక పూట కూలి పోయినట్టే.

ఉద్యోగి పని గంటలు, కౌంటర్ తెరిచి ఉండే గంటలు ఒకటే కానక్కర్లేదు. పెద్ద స్టేషన్లలో రైల్వే రిజర్వేషన్ కౌంటర్లు ఉదయం 8కే తెరుచుకుంటాయి, రాత్రి దాకా నడుస్తాయి. అంతసేపూ ఒకే మనిషి కూర్చోడు, షిఫ్టులుంటాయి. తహసీల్దార్ ఆఫీసులోనూ సిబ్బందికి వంతులవారీగా వారాంతపు సెలవు ఇస్తే అందరికీ 40 గంటలూ ఉంటాయి, శనివారం కౌంటరూ ఉంటుంది. అయితే దానికి మనుషులు కావాలి. ఖాళీలు నింపకుండా షిఫ్టులు పెడితే ఉన్న ఇద్దరి మీదే భారం పడుతుంది.

ప్రస్తుతానికి: ఏపీలో మీ ఫైలు సచివాలయంలోనో, శాఖాధిపతి కార్యాలయంలోనో ఉంటే శనివారం వెళ్లి లాభం లేదు. మండల, జిల్లా ఆఫీసులకైతే రెండో శనివారం తప్ప మిగతా శనివారాలు పని దినాలే. తెలంగాణలోనూ సాధారణంగా 10.30 నుంచి 5 వరకే, రెండో శనివారం సెలవు. బ్యాంకు పని కూడా కలిసొస్తుందనుకుంటే నాలుగో శనివారం వద్దు. 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు.