కార్లైల్ ఇంట్లో జర్మన్

స్కాట్లండ్ రచయిత థామస్ కార్లైల్ 1819లో ఎడిన్‌బరోలో జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సాహిత్యం మీద మోజుతో కాదు, వెర్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఖనిజాల గురించి రాసింది మూలంలో చదువుకోవాలని. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. ఎకల్‌ఫెకన్ అనే పల్లెలో రాతిపని మేస్త్రీ కొడుకు. బడిపంతులు ఉద్యోగం మానేసి, ఏం చేయాలో తోచక, అజీర్తితో బాధపడుతూ ఉన్న రోజులవి. ట్యూషన్‌కు డబ్బు లేదు కనుక తెలిసినవాడొకరికి ఫ్రెంచ్ చెప్పి, బదులుగా అతని దగ్గర జర్మన్ చెప్పించుకున్నాడు. పుస్తకాలు దొరకడమూ కష్టమే. బ్రిటన్‌లో జర్మన్ చదవగలిగినవారు ఆనాడు బహు తక్కువ. జర్మన్ కవులు షిల్లర్, గ్యోథేల రచనలు చేతికి వచ్చాక ఖనిజాలు మూలపడ్డాయి. మతవిశ్వాసం సడలి తల్లడిల్లుతున్న మనిషికి, గుడి లేకుండానే భక్తిగా బతకవచ్చని చెప్పేవాడు గ్యోథేలో కనిపించాడు. ఆ మోజు చివరిదాకా వదల్లేదు. దాదాపు నలభై ఏళ్లు అతనితో కాపురం చేసిన భార్యనూ వదల్లేదు.

ఆమె జేన్ బెయిలీ వెల్ష్. హాడింగ్టన్‌లో పేరున్న డాక్టర్ ఏకైక కూతురు, పట్టుబట్టి లాటిన్ నేర్చుకున్న పిల్ల. 1821లో ఒక స్నేహితుడు కార్లైల్‌ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఆస్తీ హోదా లేని ఈ యువకుడు తరచూ రావడం తల్లికి నచ్చలేదు. రాకపోకలకు దొరికిన సాకు జర్మన్. కార్లైల్ పుస్తకాలు పంపేవాడు, ఏది ఎలా చదవాలో ఉత్తరాల్లో చెప్పేవాడు. ఆమె చదివి అభిప్రాయం రాసేది, పంతులుగారి ధోరణి మితిమీరినప్పుడు ఎగతాళి చేసేది. ఐదేళ్లు ఈ పాఠాలు సాగాక 1826 అక్టోబరు 17న పెళ్లయింది.

ఈలోగా అతను గ్యోథే రాసిన 'విల్‌హెల్మ్ మైస్టర్' నవలను ఇంగ్లీషులోకి అనువదించి (1824) ఒక ప్రతిని ఆయన ఉంటున్న వైమార్‌కు పంపాడు. గ్యోథే జవాబు రాశాడు. అప్పటికి ఆయన డెబ్బై ఐదేళ్ల మహాకవి, ఇతను పేరులేని కుర్రవాడు. ఆ పరిచయం ఎనిమిదేళ్లు నిలిచింది. 1827లో వైమార్ నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో పుస్తకాలు, పతకాలతో పాటు జేన్ కోసం నాజూకు పనితనం గల ఇనుప హారం ఉంది, హారానికి కవి ముఖచిత్రం. తరవాత ఆమె తన జుట్టు పాయ ఒకటి కత్తిరించి పంపింది. బదులు పంపడానికి తన తలమీద అంత సంపద లేదని ఆ ముసలాయన నొచ్చుకుంటూ రాశాడు. కార్లైల్ రాసిన షిల్లర్ జీవితచరిత్ర 1830లో జర్మన్‌లో వచ్చినప్పుడు గ్యోథే స్వయంగా ముందుమాట రాసి, కార్లైల్ దంపతులు ఉంటున్న ఇంటి బొమ్మ కూడా వేయించాడు. 1831లో గ్యోథే పుట్టినరోజుకు కార్లైల్ చొరవతో వర్డ్స్‌వర్త్, స్కాట్ సహా పదిహేనుమంది కలిసి ఒక ముద్రిక పంపారు. మరుసటి మార్చిలో ఆయన పోయాడు. ఇద్దరూ ఒక్కసారీ కలుసుకోలేదు.

బొమ్మలో అందంగా కనిపించిన ఆ ఇల్లు క్రేగెన్‌పట్టక్. జేన్ వైపునుంచి వచ్చిన బీడు పొలం, పలకరించే పొరుగు లేని చోటు. 1828 నుంచి ఆరేళ్లు అక్కడే ఉన్నారు. అతనికది కలిసొచ్చింది. జర్మన్ రచయితల మీద వ్యాసాలు, 'సార్టర్ రిసార్టస్' అక్కడే పుట్టాయి. ట్యూఫెల్స్‌డ్రాక్ అనే కల్పిత జర్మన్ ప్రొఫెసర్ బట్టల మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి ఒక ఇంగ్లీషు సంపాదకుడు చేసే వ్యాఖ్యానం, ఆ పుస్తకం నడక. ప్రచురణకర్తలు జడిసి వెనక్కి తిప్పారు, చివరికి 1833–34లో ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. అప్పటికి కార్లైల్ ఇంగ్లీషే మారిపోయింది: నామవాచకాలకు పెద్ద అక్షరాలు, మాటకు మాట అతికించిన సమాసాలు, అల్లుకుపోయే వాక్యాలు. కొందరికి అది మహాశైలి, కొందరికి తలనొప్పి. జేన్ మాత్రం మొదటి నుంచీ మెచ్చుకున్నవారిలో ఉంది. ఆ ఏకాంతంలో ఆమె పాలుపెరుగు చూసుకుంది, రొట్టెలు కాల్చింది, ఆరోగ్యం పాడుచేసుకుంది.

1834లో లండన్ చెల్సీ పేటలో చేన్ రో వీధి ఇంట్లోకి మారారు. 'ఫ్రెంచి విప్లవం' (1837) పేరు తెచ్చింది. అసలు పరీక్ష ఆ తరవాత వచ్చింది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ చరిత్ర రాయాలని 1850ల మొదట్లో కార్లైల్ పట్టుబట్టాడు. జర్మనీ గురించి ముప్ఫై ఏళ్లు రాసిన ఈ మనిషి ఆ నేల మీద అడుగుపెట్టింది 1852లో, యాభై ఆరో ఏట. వార్ట్‌బర్గ్ కోటలో మతసంస్కర్త లూథర్ బల్లను ముద్దుపెట్టుకున్నాడు, వైమార్‌లో గ్యోథే ఇల్లు చూశాడు. అక్కడి మంచాలను, రాత్రి చప్పుళ్లను మాత్రం ఉత్తరాల నిండా తిట్టాడు. 1858లో మళ్లీ వెళ్లి ఫ్రెడరిక్ పోరాడిన లాయిటెన్ వంటి యుద్ధభూములు తిరిగాడు.

మొదటి యాత్ర సమయంలో జేన్ ఇంట్లో కూలీల మధ్య ఉంది. గోడల మరమ్మతు, సున్నం, దుమ్ము అన్నీ ఆమెవే. పక్కింటి కోళ్ల కూత, వీధి వాయిద్యాలు భరించలేక కార్లైల్ 1853లో మేడమీద జంట గోడలతో, పైకప్పు నుంచి వెలుగు పడే గది కట్టించాడు. శబ్దం ఆగలేదు సరికదా, దూరపు చప్పుళ్లు మరింత బాగా వినిపించాయి. కోళ్ల యజమానులతో బేరాలాడే పనీ ఆమెదే. ఆ పుస్తకం పదమూడేళ్లు నడిచింది, ఆరు సంపుటాలు 1858–65 మధ్య వెలువడ్డాయి. 1855లో ఆమె పార్లమెంటు బడ్జెట్ ప్రసంగాన్ని అనుకరిస్తూ భర్తకు ఒక పత్రం రాసిచ్చింది. ధరలు ఎలా పెరిగాయో, కొవ్వొత్తులకూ నీళ్లకూ ఎంతవుతోందో లెక్కలు చూపి ఇంటిఖర్చు పెంచమంది. అతను పడీపడీ నవ్వి ఒప్పుకున్నాడు. గొంతెత్తి అడగలేని చోట హాస్యంతో అడగడం ఆమె విద్య.

పుస్తకం పూర్తయిన మరుసటి ఏడే, 1866 ఏప్రిల్ 21న, లండన్‌లో బండిలో వెళ్తూనే జేన్ చనిపోయింది. భర్త అప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నాడు. తరవాత ఆమె ఉత్తరాలు చదివి, ఇంత బాధ కళ్లెదుటే ఉన్నా చూడలేదని కుమిలిపోయాడు. ఆ ఉత్తరాలను తానే వరసపెట్టి వివరణలు రాశాడు.

జర్మనీ మీద అభిమానం మాత్రం సడలలేదు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధంలో జర్మనీ పక్షాన 'ది టైమ్స్'కు పెద్ద లేఖ రాశాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఇవ్వజూపిన బిరుదు కాదన్న 1874లోనే ప్రష్యా ఇచ్చిన గౌరవ పతకాన్ని అంగీకరించాడు, అయినా దాని బదులు కాస్త మంచి పొగాకు పంపితే ఎక్కువ సంతోషించేవాడినని తమ్ముడికి రాశాడు. ఎనభయ్యో పుట్టినరోజుకు జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఉత్తరం రాశాడు. బలవంతుడైన పాలకుడి మీద కార్లైల్‌కున్న ఆరాధన తరవాతి కాలంలో పేరు చెరిపింది. 1945లో బెర్లిన్ బంకర్ రోజుల్లో నాజీ మంత్రి గోబెల్స్ హిట్లర్‌కు చదివి వినిపించినది ఈ 'ఫ్రెడరిక్' పుస్తకాన్నే.

కార్లైల్ 1881లో చనిపోయాడు. జేన్ ఉత్తరాలు 1883లో అచ్చయ్యాయి. ఆరు సంపుటాల ఫ్రెడరిక్‌ను ఇప్పుడు పరిశోధకులు తప్ప తెరిచేవారు అరుదు. ఇంగ్లీషు లేఖాసాహిత్యంలో ముందు వరసలో పేరు చెప్పేది జేన్‌దే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 1970లో ప్రారంభించిన సమగ్ర లేఖల ప్రచురణలో భార్యాభర్తల ఉత్తరాలు తేదీల వరసలో కలిసి ఉన్నాయి. జర్మన్ పాఠాల ఉత్తరాలు తొలి సంపుటాల్లోనే వస్తాయి.