ఒక ముద్ద, మూడు కండరాలు

పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాం. నమలడం మన ఇష్టం. కావాలంటే ఆపొచ్చు, ఉమ్మేయొచ్చు. కానీ గొంతు దాటిన ముద్దను వెనక్కి పిలవలేం. ఎందుకో తెలియాలంటే కండరాల సంగతి చూడాలి.

దవడను ఆడించేవి అస్థి కండరాలు. చాలావరకు ఎముకలను అంటిపెట్టుకుని ఉంటాయి కనుక ఆ పేరు. ఎముక లేని నాలుకదీ ఇదే జాతి. సూక్ష్మదర్శినిలో వీటికి అడ్డచారలు కనిపిస్తాయి. ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు వరుసల్లో పేర్చి ఉండటమే అందుకు కారణం. కండరం బిగుసుకున్నప్పుడు ఈ పోగులు పొట్టివి కావు. రెండు చేతుల వేళ్లు జొనిపినట్టు ఒకదాని సందులోకి ఒకటి జారతాయి.

ముద్ద దిగే ఆహారవాహిక పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. దాని పైభాగంలో ఉన్నదీ చారల కండరమే, అయినా మన మాట వినదు. చారలుంటే మన అదుపులోది, లేకుంటే కాదు అని బడిలో నేర్చుకున్న లెక్క ఇక్కడే తప్పుతుంది. మధ్యలో దీనితో పాటు నునుపు కండరమూ కలిసి ఉంటుంది. కిందికి వచ్చేసరికి అంతా నునుపు కండరమే. దీని కణాలు కదురు ఆకారంలో ఉంటాయి. పోగులు వరుసల్లో ఉండవు, కనుక చారలూ ఉండవు. లంగా బొందు ఎక్కించేటప్పుడు పిన్నీసును వెనక నుంచి నెట్టుకుంటూ పోయినట్టు, ముద్ద వెనక గోడ బిగిసి దాన్ని ముందుకు తోస్తుంది. అందుకే తలకిందులుగా ఉన్నా మింగింది కడుపులోకే చేరుతుంది. నునుపు కండరానికి తొందర లేదు. తక్కువ శక్తితో గంటల తరబడి బిగువు నిలుపుకోగలదు. రక్తనాళాల గోడల్లో, గర్భాశయంలో, చలికి రోమాలు నిక్కబొడిచే చోట పనిచేసేది ఇదే.

ఈ దారిలో ముద్ద గుండెకు సరిగ్గా వెనక నుంచి వెళుతుంది. అక్కడుంది మూడో రకం. హృదయ కండరానికి చారలున్నాయి, కానీ మన ఆజ్ఞతో పనిలేదు. కొమ్మలు వేసిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని విద్యుత్ సంకేతాన్ని అందించుకుంటాయి. ఆ సంకేతం గుండెలోనే పుడుతుంది. నరాలు దాని వేగాన్ని, బలాన్ని మారుస్తాయి, అంతే. నిమిషానికి 72 చొప్పున రోజుకు లక్షకు పైగా స్పందనలు. పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు. ఒకసారి బిగిశాక, వదులయ్యే దాకా రెండో సంకేతాన్ని అది దాదాపుగా స్వీకరించదు.

ఆహారవాహిక నుంచీ గుండె నుంచీ నొప్పి కబురు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరుతుంది. ఏది ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు. అందుకే ఛాతీ బరువెక్కితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవారు ఇంతమంది. తేల్చాల్సింది ఈసీజీ, రక్తపరీక్షలే. అది గుండెపోటే అయితే, పోయిన కండరం తిరిగి రాదు. కాలి కండరం చిరిగితే బాగుచేసే మూలకణాలు పక్కనే ఉంటాయి. గుండెలో కొత్త కణాలు ఏడాదికి నూటికి ఒకటి కూడా పుట్టవు. కణాలు చచ్చిన చోట మచ్చ కడుతుంది, ఆ మచ్చ కొట్టుకోదు.