బాత్: వేడినీళ్ల ఊరు, పండగల ఊరు. ఒక్కరోజులో ఏం చూడాలి, ఏ నెలలో వెళ్లాలి?

ఈ ఎపిసోడ్‌లో మనం ఇంగ్లండ్‌లోని బాత్ నగరం గురించి మాట్లాడుకుందాం. అవును, బాత్ అంటే స్నానమే. ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు, దాని కథ ఇప్పుడు చెప్తాను.

యూకేలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు చాలామంది వీకెండ్‌లో ఇక్కడికి వెళ్తారు. నాలుగు ఫొటోలు దిగుతారు, ఒక కాఫీ తాగుతారు, "పాత బిల్డింగులు తప్ప ఏముంది బ్రో" అనుకుంటూ ట్రైన్ ఎక్కేస్తారు. ఇంకొందరు రోమన్ బాత్స్‌లో స్నానం చేద్దామని బ్యాగులో టవల్ కూడా పెట్టుకుని వెళ్తారు. ఇద్దరికీ డబ్బులు దండగే. అందుకే మూడు విషయాలు క్లియర్‌గా చూద్దాం. అక్కడ దేనికి డబ్బులు పెట్టాలి, ఏది ఫ్రీగా చూడొచ్చు, ఏ పండగ ఏ నెలలో వస్తుంది. వీటితో పాటు ఇంకో ప్రశ్న కూడా ఉంది. లక్ష జనాభా కూడా లేని ఊళ్లో ఇన్ని ఫెస్టివల్స్ ఎందుకు జరుగుతాయి? ఇది అర్థమైతే ఊరు మొత్తం అర్థమవుతుంది.

ముందు నీళ్ల సంగతి

బాత్ లండన్‌కి పడమరగా, సుమారు 155 కిలోమీటర్ల దూరంలో, ఏవన్ నది ఒడ్డున ఉంటుంది. ఈ ఊరి నడిబొడ్డున భూమిలోంచి వేడినీళ్ల బుగ్గలు పొంగుతాయి. దగ్గర్లోని మెండిప్ కొండల మీద వేల ఏళ్ల కిందట పడిన వాన సున్నపురాయి పొరల్లోంచి కిందికి ఇంకిపోయింది. రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతుకి దిగి, అక్కడ భూగర్భంలోని వేడికి కాగి, రాతి పగుళ్లలోంచి మళ్లీ పైకి వస్తోంది. పైకి వచ్చేసరికి 46 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. రోజుకి సుమారు 11 లక్షల 70 వేల లీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 117. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, రాత్రీ పగలూ ఆగకుండా వస్తూనే ఉంటుంది.

రోమన్లు బ్రిటన్‌ని ఆక్రమించుకున్నాక ఈ బుగ్గని చూశారు. మన దగ్గర సాతవాహనులు పాలిస్తున్న రోజులవి. అక్కడి స్థానికులు అప్పటికే సులిస్ అనే దేవతని కొలిచేవాళ్లు. రోమన్లు ఆ దేవతని కాదనలేదు. తమ మినర్వా దేవతతో కలిపేసి సులిస్ మినర్వా అన్నారు. క్రీ.శ. 60-70 ప్రాంతంలో గుడి కట్టారు, పక్కనే స్నానశాలలు కట్టారు. ఊరికి అక్వే సులిస్, అంటే సులిస్ నీళ్లు అని పేరు పెట్టారు.

రోమన్ బాత్స్: చూడాలి, కానీ ముట్టుకోకూడదు

బాత్‌లో ఒకే ఒక్క టికెట్ కొనగలను అనుకుంటే, అది దీనికే కొనండి. ఆడియో గైడ్ ఆ టికెట్‌లోనే వస్తుంది. రేటు రోజుని బట్టి మారుతుంది, వీకెండ్‌లో ఎక్కువ. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే మంచిది.

లోపలికి వెళ్లగానే ఆకుపచ్చ నీళ్లతో పెద్ద కొలను కనిపిస్తుంది. అందరూ అక్కడే ఫొటోలు దిగుతారు. ఆ పచ్చదనం నాచుది. పైకప్పు లేక ఎండ తగులుతుంది కాబట్టి నాచు పెరుగుతుంది. రోమన్ల కాలంలో దానికి కప్పు ఉండేది. ఇంకో విషయం, కొలను చుట్టూ స్తంభాల అడుగు భాగం దాకానే రోమన్లది. పైనున్న వరండా, విగ్రహాలు 19వ శతాబ్దం చివర్లో కట్టినవి. అవి చూసి "రెండు వేల ఏళ్ల విగ్రహాలు" అని రీల్ పెట్టారనుకోండి, తెలిసినవాళ్లు నవ్వుతారు.

అసలు చూడాల్సింది మ్యూజియంలోని శాపాల రేకులు. సుమారు 130 దొరికాయి. ఆ రోజుల్లో స్నానానికి వెళ్తే బట్టలు దొంగతనం అయ్యేవి. పోలీస్ స్టేషన్ లేదు కదా, అందుకని పలచటి సీసం రేకు మీద ఫిర్యాదు రాసి, చుట్టచుట్టి, దేవత ఉన్న బుగ్గలోకి విసిరేవాళ్లు. ఒకాయన తన చేతి తొడుగులు పోయాయని, తీసినవాడికి మతి, చూపు రెండూ పోవాలని రాశాడు. రాజుల గురించి, యుద్ధాల గురించి శాసనాలు ఎక్కడైనా ఉంటాయి. మామూలు మనిషి కోపం ఇన్ని వందల ఏళ్లు దాటి మన చేతికి రావడం మాత్రం అరుదు. 2014లో ఈ రేకులకి యునెస్కో యూకే మెమరీ ఆఫ్ ది వరల్డ్ రిజిస్టర్‌లో చోటు దొరికింది.

ఇప్పుడు టవల్ సంగతి. ఇక్కడ స్నానం చేయడానికి వీల్లేదు, నీళ్లలో చెయ్యి కూడా పెట్టకూడదు. ఇది ఉత్తుత్తి రూల్ కాదు. 1978లో ఇక్కడి బుగ్గ నీళ్లలో ఈత కొట్టిన ఒక అమ్మాయి చనిపోయింది. గోరువెచ్చని నీళ్లలో బతికే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరడమే కారణం. మన దగ్గర కేరళ వార్తల్లో "మెదడుని తినే అమీబా" అని వింటున్నామే, అదే నైగ్లేరియా ఫౌలెరీ. ఆ తర్వాత ఊళ్లో వేడినీటి స్నానాలు పూర్తిగా ఆపేశారు. కొత్తగా లోతైన బోర్లు వేసి, శుభ్రమైన నీళ్లని పైకి తెచ్చి, మళ్లీ జనం స్నానం చేసే ఏర్పాటు జరిగేసరికి 2006 అయింది. అదే థర్మే బాత్ స్పా. కొద్ది అడుగుల దూరంలోనే ఉంటుంది. బిల్డింగ్ పైన ఓపెన్ పూల్ ఉంది, 16 ఏళ్లు దాటినవాళ్లకే ప్రవేశం. టవల్ అక్కడికి, కెమెరా ఇక్కడికి. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు.

నీళ్లు జనాన్ని తెచ్చాయి, సందడి జనాన్ని ఆపింది

రోమన్లు వెళ్లిపోయాక కట్టడాలు మట్టిలో కూరుకుపోయాయి. కానీ బుగ్గ ఆగలేదు, జనం రావడం కూడా ఆగలేదు. 18వ శతాబ్దం వచ్చేసరికి "ఈ నీళ్లు తాగితే రోగాలు పోతాయి" అని ఇంగ్లండ్ డబ్బున్నవాళ్లంతా ఇక్కడికి క్యూ కట్టారు. అయితే రోజంతా నీళ్లు తాగుతూ కూర్చోలేరు కదా. పొద్దున స్నానం అయ్యాక సాయంత్రం దాకా ఏం చేయాలి?

అక్కడ బో నాష్ ఎంటర్ అవుతాడు. పేకాట పిచ్చోడు, సూటు బూటు మనిషి. అర్ధ శతాబ్దానికి పైగా ఈ ఊళ్లో మాస్టర్ ఆఫ్ సెరిమనీస్‌గా చక్రం తిప్పాడు. ఊళ్లో కత్తులు పెట్టుకు తిరగకూడదన్నాడు. డాన్సులు ఎన్నింటికి మొదలవ్వాలో, ఎన్నింటికి ఆగాలో టైమ్ పెట్టాడు. పెద్దింటివాళ్లైనా ఆ టైమ్ పాటించాల్సిందే. ఒకరకంగా చెప్పాలంటే ఈనాటి ఈవెంట్ మేనేజర్ అన్నమాట. ఆ మనిషే చివరికి జూదం చట్టాలు మారి, ఆదాయం పోయి, 1761లో పేదవాడిగా పోయాడు.

వచ్చిన జనానికి ఇళ్లు కావాలి. జాన్ వుడ్ అనే తండ్రీకొడుకులు (ఇద్దరి పేరూ ఒకటే) ఊరికి కొత్త రూపం ఇచ్చారు. తండ్రి మొదలుపెట్టి కొడుకు పూర్తిచేసింది సర్కస్. సర్కస్ అంటే ఏనుగులు, జోకర్లు ఉండేది కాదండి, లాటిన్‌లో వలయం అని అర్థం. గుండ్రటి వీధి చుట్టూ మూడు వంపుల్లో ఇళ్లు. కొడుకు 1767 నుంచి 1775 మధ్య రాయల్ క్రెసెంట్ కట్టాడు. నెలవంక ఆకారంలో 30 ఇళ్లు, ముందు వరసగా 114 స్తంభాలు. వీలైతే వెనక వీధికి కూడా వెళ్లి చూడండి. ముందు గోడ మాత్రమే వుడ్ డిజైన్, వెనకాల ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టుకున్నారు. ముందు నుంచి రాజభవనం, వెనక నుంచి తలో తీరు.

బ్రిడ్జర్టన్ సిరీస్ చూసినవాళ్లకి క్రెసెంట్‌లోని 1వ నంబర్ ఇల్లు వెంటనే గుర్తొస్తుంది, ఫెదరింగ్‌టన్ కుటుంబం ఇల్లు అదే. లేడీ డాన్‌బరీ ఇల్లుగా చూపించింది హోల్‌బర్న్ మ్యూజియాన్ని.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఈ తేనెరంగు రాతి ఇళ్లలో దిగినవాళ్లలో కరీబియన్ చెరకు తోటల యజమానులు, దగ్గర్లోని బ్రిస్టల్ రేవు నుంచి బానిసల వ్యాపారం చేసినవాళ్లు కూడా ఉన్నారు. అందం నిజమే, దాని వెనకున్న డబ్బు ఎక్కడిదో కూడా నిజమే. రెండూ తెలుసుకుని చూడాలి.

సందడి ఉన్నచోటికి కళాకారులు వస్తారు. జర్మనీ నుంచి వచ్చిన విలియం హెర్షెల్ ఇక్కడ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. రాత్రిళ్లు తనే తయారు చేసుకున్న టెలిస్కోప్‌తో ఆకాశం చూసేవాడు. 1781 మార్చి 13న, న్యూ కింగ్ స్ట్రీట్‌లోని 19వ నంబర్ ఇంటి పెరట్లోంచి యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఆయన చెల్లెలు కరోలిన్ కూడా తర్వాత పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అయింది. ఆ ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం.

యుద్ధం తర్వాత పండగ

1942 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. 400 మందికి పైగా చనిపోయారు. ఆ గాయం మానకముందే, 1948లో ఊరివాళ్లు ఒక సంగీతోత్సవం మొదలుపెట్టారు. 1959 నుంచి దాన్ని నడిపించింది ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనుహిన్. 1966లో ఇక్కడి వేదిక మీదే ఆయన వయొలిన్, మన పండిత్ రవిశంకర్ సితార్ జంటగా మోగాయి. ఆ స్నేహంలోంచి వచ్చిన "వెస్ట్ మీట్స్ ఈస్ట్" ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది.

బాత్ పేరుతోనే ఇంకో రకం పండగ కూడా జరిగింది. 1970లో దగ్గర్లోని షెప్టన్ మాలెట్‌లో బాత్ బ్లూస్ ఫెస్టివల్ పెట్టారు. లెడ్ జెపెలిన్ వాయించారు. అది చూసిన మైకేల్ ఈవిస్ అనే పాడి రైతు "మన పొలంలో కూడా పెడదాం" అనుకుని అదే సెప్టెంబర్‌లో పెట్టేశాడు. టికెట్ ఒక పౌండు, పాలు ఫ్రీ. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే గ్లాస్టన్‌బరీ ఫెస్టివల్ అలా పుట్టింది.

ఆ రోజుల్లోనే ఊరికి ఇంకో ప్రమాదం వచ్చింది. బాంబుల నుంచి మిగిలిన పాత ఇళ్లని సొంత కౌన్సిలే కూలగొట్టడం మొదలుపెట్టింది. క్రెసెంట్ లాంటివి ముట్టుకోలేదు. పనివాళ్లు, చిన్న వ్యాపారులు ఉండే సాదా ఇళ్ల వరసలు మాత్రం పోయాయి. 1973లో "ది సాక్ ఆఫ్ బాత్" అనే పుస్తకం వచ్చి గొడవ పెద్దదయ్యాక కూల్చివేతలు తగ్గాయి. 1987లో నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. 2021లో యూరప్‌లోని 11 గొప్ప స్పా పట్టణాల్లో ఒకటిగా రెండోసారి గుర్తింపు వచ్చింది. ఇవాళ మనం ఫొటో దిగే వీధి అక్కడ ఉందంటే, ఎవరో అప్పట్లో గొంతెత్తారు కాబట్టే ఉంది. మన చార్మినార్ చుట్టూ, పాత ఊళ్లలో మండువా ఇళ్లు ఎలా పోతున్నాయో చూస్తున్నవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

ఏ నెలలో ఏముంది?

మే నెల: బాత్ ఫెస్టివల్. సంగీతం, పుస్తకాలు రెండూ కలిపి. మే చివర నుంచి జూన్ మొదటి దాకా బాత్ ఫ్రింజ్, అంటే చిన్న చిన్న నాటకాలు, కామెడీ, వీధి ప్రదర్శనలు. తక్కువ ఖర్చులో సందడి కావాలంటే ఇదే టైమ్.

సెప్టెంబర్: జేన్ ఆస్టెన్ ఫెస్టివల్. ఆమె 1801 నుంచి 1806 దాకా ఇక్కడే ఉంది. రెండు నవలల్లో కథ ఈ వీధుల్లోనే నడుస్తుంది. పది రోజుల పండగలో వందల మంది ఆ కాలం గౌన్లు, టోపీలు వేసుకుని ఊరేగింపుగా నడుస్తారు. నవలలు చదవకపోయినా రోడ్డు పక్కన నిలబడి చూడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

నవంబర్: మోజార్ట్‌ఫెస్ట్, శాస్త్రీయ సంగీతం ఇష్టమున్నవాళ్లకి. నవంబర్ చివర నుంచి డిసెంబర్ మధ్య దాకా క్రిస్మస్ మార్కెట్. అబ్బీ చర్చి చుట్టూ చెక్క దుకాణాలు, దీపాలు. చూడ్డానికి బాగుంటుంది, కానీ శనివారం వెళ్తే మన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఆదివారం రద్దీయే. హోటల్ రేట్లు కూడా కొండెక్కుతాయి. మంగళ, బుధవారాల్లో వెళ్లి రాత్రికి వెనక్కి వచ్చేయండి.

తేదీలు ఏటేటా మారతాయి. టికెట్ కొనేముందు ఆయా ఫెస్టివల్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

ఒక్కరోజు ప్లాన్

లండన్ ప్యాడింగ్టన్ నుంచి బాత్ స్పా స్టేషన్‌కి ట్రైన్‌లో సుమారు గంటన్నర. బ్రిస్టల్ నుంచి అయితే పావుగంట లోపే. 16-25 రైల్‌కార్డ్ ఉంటే మూడో వంతు తగ్గుతుంది. స్టేషన్ నుంచి అన్నీ నడిచేంత దూరమే, క్యాబ్ అక్కర్లేదు.

పొద్దున్నే మొదటి స్లాట్‌లో రోమన్ బాత్స్ చూసేయండి. బయటికి రాగానే ఎదురుగా అబ్బీ చర్చి. ముందు గోడ మీద నిచ్చెనలు ఎక్కుతున్న రాతి దేవదూతల్ని చూడండి. ఆ చర్చి నేల కింద హీటింగ్ ఇప్పుడు రోమన్ బాత్స్ వేడినీళ్ల నుంచి తీసుకున్న వేడితోనే నడుస్తోంది. రెండు వేల ఏళ్ల కిందటి సదుపాయం ఇంకా పనికొస్తోందన్నమాట.

తర్వాత మేయర్ గైడ్స్ ఫ్రీ వాక్‌లో చేరండి. 1930ల నుంచి స్థానిక వాలంటీర్లు నడిపిస్తున్నారు. టిప్ ఇచ్చినా తీసుకోరు. సర్కస్, క్రెసెంట్ అన్నీ కథలతో సహా చూపిస్తారు.

మధ్యాహ్నం ఆకలేస్తే సాలీ లన్స్‌లో పెద్ద మెత్తటి బన్ను తినండి. సాయంత్రం పల్టెనీ బ్రిడ్జ్‌కి. 1774లో పూర్తయిన ఈ వంతెనకి రెండు వైపులా దుకాణాలే. మీద నడుస్తుంటే కింద నది ఉందని కూడా తెలియదు. పక్కకి దిగి నీళ్ల దగ్గర నిలబడితే అప్పుడు అసలు అందం కనిపిస్తుంది.

అంటే ఒక్క టికెట్, ఒక్క బన్ను, ట్రైన్ చార్జీ. మిగతాదంతా నడక. బో నాష్ కాలం నుంచి ఈ ఊరు చేస్తున్నది ఒకటే పని: వచ్చినవాళ్లకి ఇంకో రోజు ఉండాలనిపించేలా చేయడం. మీకూ అలాగే అనిపిస్తే, కంగారేం లేదు, ఆఖరి ట్రైన్ టైమ్ మాత్రం ముందే చూసి పెట్టుకోండి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.