ఎలక్ట్రానిక్ కళ - పృచ్ఛకుని స్థానము

కంప్యూటరు, ప్రొజెక్టరు, సెన్సారు మొదలగు సాధనములతో నిర్మింపబడి, ప్రేక్షకుని నలువైపుల నావరించునట్టియు, అతని చేష్టను బట్టి మాఱునట్టియు కళారూపములను నేడు ఎలక్ట్రానిక్ కళ యని వ్యవహరించుచున్నారు. వీని లక్షణములు ప్రధానముగా రెండు. ప్రేక్షకుని చుట్టును ఒక లోకమును కల్పించి యందు అతనిని ముంచుట మొదటిది. ప్రేక్షకుడు చేసిన పనికి కళాఖండము బదులు చెప్పుట రెండవది. మొదటిదానిని నిమగ్నత యనియు, రెండవదానిని ప్రతిస్పందన మనియు ఈ వ్యాసమున వ్యవహరింతుము. లోకవ్యవహారమున ఈ రెండును జంటగా వినబడుచుండుటచే, అవి యొకే గుణమునకు రెండు పేర్లని తోచుట కలదు. అవి వేఱు వేఱు గుణములు. అంతియ కాదు, ఒకదానితో నొకటి విరోధించు స్వభావము కలవి. ఈ విరోధమును గుర్తింపక విద్యార్థి చేయు ఊహ యంత్రవర్ణనగా పరిణమించునే కాని కళావర్ణన కాజాలదు.

ఇట్టి కళాఖండము నొకదానిని ఊహింపుడని విద్యార్థులను కోరినచో, వారి యూహ సాధారణముగా కండ్లకు తగిలించుకొను పరికరముతో ప్రారంభమగును. తెఱ యెంత, దీపము లెన్ని, చిత్రము ఎంత స్పష్టముగా కనబడును అను ప్రశ్నలు ముందుగా వచ్చును. ప్రేక్షకునకు కృతిపై ఏ యధికారము నొసగుదుము అను ప్రశ్న చివరకు వచ్చును; ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఈ క్రమమును తలక్రిందులు చేయవలెనని మా మతము. అందులకు వలసిన సామగ్రి మనకు దూరమున లేదు. పెన్న యొడ్డునగల చెన్నూరు మొదలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల వఱకు వ్యాపించిన కడప సీమ అవధానమును ఎఱిగినది. రాయలసీమ యంతయు తోలుబొమ్మలాటను ఎఱిగినది. నిమగ్నతకు బొమ్మలాటయు, ప్రతిస్పందనమునకు అవధానమును మనకు ఉదాహరణములు కాగలవు.

మొదట బొమ్మలాటను చూతము. చీకటిలో తెల్లని తెఱ, దాని వెనుక ఆముదపు దీపము. తోలును కాంతి ప్రసరించునట్లు పలుచగా చేసి, రంధ్రములు పొడిచి, రంగులద్ది బొమ్మలను సిద్ధపఱతురు. ఆంధ్రదేశపు బొమ్మలు పెద్దవి. మనిషి యెత్తున నుండునవియు కలవు. ఆడింపని బొమ్మను ముల్లుతో తెఱకు గ్రుచ్చి నిలుపుదురు. ఆడించువారే పాడుదురు, కాలిక్రింది చెక్కలను త్రొక్కి యుద్ధధ్వనిని పుట్టింతురు. దీపశిఖ చలించినపుడెల్ల నీడయు చలించుటచే బొమ్మ ఊపిరి పీల్చునట్లు తోచును. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందే ఈ యాట ప్రస్తావన ఉండుటను బట్టి దీని ప్రాచీనత స్పష్టము. రాత్రియంతయు సాగు ఈ యాటలో గ్రామము గ్రామమే రామాయణ భారతకథలలో మునిగియుండెడిది. కావున నిమగ్నత యనునది విద్యుత్తుతో పుట్టినది కాదు. చీకటి, ఒక దీపము, ఒక కంఠము దానికి చాలినవి.

అయినను బొమ్మలాటగాండ్రు ప్రేక్షకులను అడుగడుగున మేలుకొల్పుటయు మఱువలేదు. కథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశించి, హాస్యమాడి, ఊరి విషయములను ప్రస్తావించి, నవ్వు వచ్చినచోట మాటను పెంచి, రానిచోట త్రుంచి పోవుదురు. సీతావియోగమున మునిగిన సభ ఒక్క క్షణమున తన యూరికి తిరిగి వచ్చును. తెఱవెనుక నున్నవాడు తెఱముందటి సభను వినుచున్నాడు. మనము ప్రతిస్పందన మనుచున్నది ఇదియే.

ఇక ఎలక్ట్రానిక్ కళాచరిత్రను పరికింతము. అమెరికా దేశమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1969లో గ్లోఫ్లో అను ప్రదర్శన ఏర్పడినది. చీకటిగదిలో గోడలవెంట వెలుగురేఖలు, నేలపై అడుగుల ఒత్తిడిని పసిగట్టు పలకలు ఉండెను. సందర్శకుల నడకను బట్టి వెలుగును ధ్వనియు మాఱునట్లు దానిని కల్పించిరి. కాని ప్రశాంతభావము చెడకుండుటకై ఆ మార్పులను కొంత ఆలస్యముగా చూపిరి. ఫలితముగా తమ అడుగునకు గది బదులు చెప్పుచున్నదని సందర్శకులలో పెక్కండ్రు గుర్తింపలేదు. అందు పాల్గొన్న మైరన్ క్రూగర్ దీని నుండి యొక సూత్రమును గ్రహించెను: బదులు చెప్పబడినదని ప్రేక్షకునకు తెలియనిచో ప్రతిస్పందనము ఉండియు లేనిదే. నిమగ్నతను కాపాడబోయి ప్రతిస్పందనమును పోగొట్టుకొనుటకు గ్లోఫ్లో మంచి దృష్టాంతము.

పిమ్మట క్రూగర్ వీడియోప్లేస్ అను కృతిని పెక్కు సంవత్సరములు పెంచుచు వచ్చెను. సందర్శకుని ఆకారమును కెమెరా గ్రహించి నీడవలె పెద్ద తెఱపై చూపును. కంప్యూటరు కల్పించిన చిన్న జీవి యొకటి ఆ నీడతో ఆడుకొనును. ఇచట సందర్శకుడు తానే బొమ్మయు, తానే ఆడించువాడును అయినాడు. 1995లో కెనడా కళాకారిణి చార్ డేవిస్ ఆస్మోస్ అను కృతిని ప్రదర్శించెను. అందు ప్రవేశించినవారు కండ్లకు తెఱలుగల పరికరమును, రొమ్మునకు శ్వాసను కొలుచు పట్టీని ధరింతురు. ఊపిరి పీల్చిన పైకి తేలుదురు. విడిచిన క్రిందికి దిగుదురు. ఇది మిక్కిలి లోతైన నిమగ్నత. అయినను ఆమె వెలుపలనున్న వారిని విడువలేదు. లోనున్న వ్యక్తి నీడను ఒక తెఱపై సభకు చూపెను. వీడియోప్లేస్‌లోను, ఆస్మోస్‌లోను తెఱపై నీడ మఱల కనబడుట గమనింపదగినది. మనకు సమీపవిషయమును గ్రహించిన కృతి ప్లేస్-హంపి. జెఫ్రీ షా, సారా కెండర్‌డైన్ మున్నగువారు 2006లో రూపొందించిన దీనిలో గుండ్రని తెఱ నడుమ ప్రేక్షకుడు నిలిచి, చిత్రమును తానే త్రిప్పుకొనుచు హంపి శిథిలములను చూచును. కాని ఇందు అతనికి గల యధికారము ప్రధానముగా చూపు త్రిప్పుట. హంపి అతనిచే మాఱదు. మాఱవలసిన పనియు ఆ కృతికి లేదు.

ప్రేక్షకుని యధికారమునకు పరమావధి నెఱుగగోరినచో అవధానమును ఆశ్రయింపవలెను. ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరొందిన పట్టణము. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకటశేషశాస్త్రి, తరువాతి తరమున సి. వి. సుబ్బన్న శతావధాని ఆ పట్టణముతో ముడివడిన పేర్లు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, అప్రస్తుతప్రసంగము మున్నగు అంశములతో అవధానిని ఎదుర్కొందురు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కొక్క అక్షరము చెప్పుచుండ, తరువాత రాదగిన అక్షరమును ఊహించి పృచ్ఛకుడు నిషేధించును. అవధాని ఆ యక్షరమును విడిచి, ఛందస్సు చెడక, అర్థము తప్పక, వేఱొక మార్గమున పద్యమును నడుపవలెను. పూర్తియైన పద్యము ఎవరిది? పలికినది అవధాని, కాని పృచ్ఛకుని నిషేధములు లేనిచో అది ఆ పద్యము కానేరదు.

దీనినుండి మూడు నియమములను గ్రహింపవచ్చును. నిబంధన సభకంతకును ముందే తెలిసియుండుట మొదటిది. తెలియనిచో అవధాని తప్పించుకొన్న ఇక్కట్టు సభకు కనబడదు. గ్లోఫ్లోకు కలిగిన లోపము ఇదియే. ప్రశ్న వేయుటకును అర్హత వలయుట రెండవది. పద్యపు నడక తెలియనివాడు నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు కాలేడు. మీటను నొక్కిన వెలుగు వచ్చు కృతిలో ప్రేక్షకునకు అర్హతయు లేదు, బాధ్యతయు లేదు. అందుచే వాని యాసక్తి త్వరలో సన్నగిల్లును. అవధాని, పృచ్ఛకుడు గాక, మూడవస్థానమున సభ యుండుట మూడవది. ఈ మూడవ నియమము అన్నిటికంటె ముఖ్యమని మేము తలంతుము. కారణమును వివరింతుము.

భరతుని రససూత్రమును వ్యాఖ్యానించుచు అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పెను. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములచే వివశుడై యుండుట వానిలో నొకటి. గీతము, వాద్యము, రంగాలంకారము మొదలగునవి ఆ స్వీయచింతను తొలగించి, అతనిని సాధారణీకృతమైన భావమునకు చేర్చును. నిమగ్నత ఈ మార్గమున తోడ్పడును. కాని ప్రతిస్పందనము ప్రేక్షకునితో, ఇప్పుడు నీవేమి చేయుదువు అని ప్రశ్నించును. అతడు మఱచిన తన్ను మఱల జ్ఞప్తికి తెచ్చును. తాను సరిగా చేయుచున్నానా, నలుగురు చూచి నవ్వుదురా అను చింత అతనికి సహజము. అనగా ప్రతిస్పందనము అభినవగుప్తుడు చెప్పిన విఘ్నమునే కళలోనికి ఆహ్వానించును. మేము మొదట చెప్పిన విరోధ మిదియే.

అవధానము దీనిని పరిష్కరించిన తీరు గమనార్హము. పృచ్ఛకుడు ప్రశ్నించు క్షణమున రసమును అనుభవింపడు. అతడు పనిలో నున్నాడు. అనుభవించునది సభ. తన వంతు ముగిసినపిమ్మట పృచ్ఛకుడును సభలోని వాడై, చివర ధారణ వేళ తాను అడ్డిన పద్యమును నలుగురితో కలిసి విని యానందించును. విఘ్నము కల్పించుటయు, రసము పొందుటయు కాలభేదముచే వేఱుచేయబడినవి. కండ్లకు పరికరము తగిలించుకొని యొంటరిగా నుండువానికి ఈ సదుపాయము లేదు. చార్ డేవిస్ లోనివాని నీడను వెలుపలివారికి చూపుట ఈ లోపమును కొంత తీర్చినది.

ఈ నియమములతో కడప జిల్లా విద్యార్థి యొక కృతిని ఎట్లూహింపవచ్చునో చూతము. జమ్మలమడుగు చేరువ గండికోట కలదు. పెన్న కొండలను చీల్చిన లోయయు, దానిపై కోటయు, మాధవరాయ దేవాలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును ప్రసిద్ధములు. పరికరములతో ఈ లోయను గదిలోనికి తెచ్చుట నేడు కష్టము కాదు. అది చూపు త్రిప్పు అధికారముతో ముగియును. దానికి బదులు గదికి నడుమ ఒక తెల్లని తెఱ కట్టుదము. సభ తెఱముందు కూర్చుండును. ఒకడు వెనుకకు పోయి నిలువగా వాని నీడ తెఱపై పడును. కోటయు లోయయు ఆ నీడ చుట్టును వెలయును. తోలుబొమ్మల రూపమున నున్న జుట్టుపోలిగాడు వానిని ప్రశ్నించును. వాడు బదులు చెప్పి, వెడలిపోవుచు ఒక నిషేధమును విధించును: ఇకపై మద్దెల మ్రోగరాదు, లేక నది కనబడరాదు, లేక పోలిగాడు ఫలానా మాట పలుకరాదు. తరువాత వచ్చువాని కథ ఆ నిషేధమునకు లోబడి నడువవలెను. సాయంకాలము గడచుకొలది నిషేధములు పెరుగును. కథ యిఱుకున పడును. సభకు ఉత్కంఠ హెచ్చును. చివర వచ్చిన వారందఱి మాటలును ధారణగా మఱల వినిపించును. ఒక్కొక్కనికి ఒక్కొక్క పరికరము అక్కరలేదు. ఒక తెఱ, ఒక ప్రొజెక్టరు, ఒక కెమెరా పల్లెటూరి పాఠశాలకును అందుబాటున నుండగలవు.

ఇచట ఒక యాక్షేపము వచ్చును. అవధాని ధారణ మనుష్యుని జ్ఞాపకశక్తికి పరీక్ష. మఱచునేమో యను భయము సభలో నుండుటచేతనే అది యద్భుతము. యంత్రము మఱువదు గనుక దాని ధారణలో అద్భుతమేమి? ఆక్షేపము సమంజసమైనది. సమాధానముగా మేము చెప్పునది: పోలిగాని నోట పలుకువాడు యంత్రము కారాదు. నిషేధములను మోసి, తడబడి, తప్పించుకొని కథను నడుపువాడు మనుష్యుడే, అందును ఆ విద్య నేర్చిన బొమ్మలాటగాడే కావలెను. కెమెరా, ప్రొజెక్టరు, కంప్యూటరు ఆముదపు దీపము చేసిన పనిని చేయవలెను. కంఠము పనిని కాదు.

ఈ విషయము కేవలము సిద్ధాంతచర్చ కాదు. పూర్వపు అనంతపురము జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరము చేరువ నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామము. అచటి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆట చూచువారు తగ్గినకొలది, బొమ్మ చేయు చేతులు దీపపు గుమ్మటములను, గోడ యలంకారములను చేయుటకు మఱలినవి. ఆ వస్తువులవలన జీవనము నడచుచున్నది, అది మంచిదే. కాని బొమ్మ చిత్రముగా మాత్రమే మిగిలి, పాట, చెక్కల ధ్వని, సభతో సంభాషణము అడుగంటుచున్నవి. విద్యార్థులు బొమ్మల ఛాయాచిత్రములను కంప్యూటరున కెక్కించి, వానికి కదలిక కల్పించి తృప్తిపడినచో ఈ నష్టమే రెండవమాఱు జరుగును. బొమ్మలాటగాని కృతిలో భాగస్వామిగా చేర్చి, వాని వంతు వేతనమును పేరును ఇచ్చినచో ఎలక్ట్రానిక్ కళ అతనికి సభను తిరిగి ఇయ్యగలదు.

కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమును, 2020లో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. అచటి లలితకళా విద్యార్థులు తెలుగు విద్యార్థులతో కలిసి ఇట్టి యూహలు చేయుటకు అవకాశము కలదు. వారికి మా సూచన యొక్కటి. యంత్రముల పట్టికను వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయుదురు గాక: మీ కృతిలో పృచ్ఛకుడు ఎవరు? అతడు దేనిని నిషేధింపగలడు? సభ ఎచట కూర్చుండును? మూడింటికిని సమాధానము కుదిరిన పిమ్మట పరికరములను ఎన్నుకొనుట సులభము. విజ్ఞులు దీనిని పరిశీలించి, ఇందలి లోపములను పూరింతురని ఆశించుచున్నాము.