పానిక్ డిజార్డర్: అమ్మానాన్నల నుంచి వచ్చేదెంత?

తిరుపతి దగ్గరి ఏర్పేడులో ఓ ఇంట్లో నడిరాత్రి ఒకరు ఉలిక్కిపడి లేచారనుకోండి. గుండె దడ, ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతుందేమోనన్న భయం. హుటాహుటిన తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ మామూలుగానే ఉంటుంది. పది నిమిషాల్లో తారస్థాయికి చేరిన బాధ అప్పటికే తగ్గిపోతుంది. గ్యాసని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు అంటారు. ‘వీళ్లమ్మకూ ఇట్లనే వచ్చేది’ అని అవ్వ అంటే మాత్రం అందరూ మాట దాటేస్తారు. డాక్టరుకు చెప్పాల్సిన మాట అదే.

ఇలాంటి దాడులు ఏ కారణమూ లేకుండా పదేపదే వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ నెలకు పైగా వెంటాడితే అది పానిక్ డిజార్డర్. రోగి తోబుట్టువులకు, పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఇతరులకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. పరిశోధకులు హెటెమా, నీల్, కెండ్లర్ 2001లో వేసిన లెక్క ప్రకారం, ఈ జబ్బు విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా సుమారు 43 శాతం. బిడ్డకు 43 శాతం ఖాయమని దీని అర్థం కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లోనూ ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడం మామూలే. రోగుల పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు.

కారణం ఏ ఒక్క జన్యువో కాదు. తలా కొంచెం ప్రభావం చూపే ఎన్నో జన్యువులు కలిస్తేనే ముప్పు పెరుగుతుంది. అందుకే రక్తపరీక్షతో ముందే చెప్పలేరు. మేనరికమే కారణమనీ అనుకోనక్కర్లేదు; దానితో ప్రధానంగా పెరిగేవి, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు అందితే వచ్చే జబ్బులు. పానిక్ ఆ కోవలోది కాదు.

మరి సంక్రమించేదేమిటి? 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని ఒక్కసారి పీల్చినా ఈ రోగుల్లో చాలామందికి దాడి లాంటిది వస్తుంది. ఈ రోగుల దగ్గరి బంధువుల్లో ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఇతరులకంటే ఎక్కువమందికి అలాగే జరిగింది. ఊపిరికి ముప్పుందని హెచ్చరించే వ్యవస్థ, ఆకు కదిలినా మొరిగే కాపలా కుక్కలా ఉంటుందన్నమాట. ఆ సున్నితత్వానికి చిన్ననాటి గాయాలు, తీవ్రమైన ఒత్తిడి, పొగతాగే అలవాటు తోడైతే అది జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ.

జన్యుశాస్త్రం బోధించే కేంద్ర విద్యాసంస్థ ఐసర్ ఏర్పేడు మండలంలోనే ఉంది. ఆ శాస్త్రం తేల్చిన ఈ సంగతి చుట్టుపక్కల ప్రతి ఇంటికీ చేరాలి: ఇది పిరికితనం కాదు, పెంపకం లోపమూ కాదు. ముందు గుండె, థైరాయిడ్ సమస్యలు లేవని నిర్ధారించుకోండి. కుటుంబంలో ఎవరికైనా వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. ఆలోచనా తీరును సరిదిద్దే కౌన్సెలింగ్‌తోనూ, మందులతోనూ చాలామంది కోలుకుంటున్నారు. తెలుగులో మాట్లాడాలంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.